హార్వే వాషింగ్టన్ వైలీ

హార్వే వాషింగ్టన్ వైలీ (అక్టోబరు 18, 1844 - జూన్ 30, 1930) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. ఆహార పదార్థాలలోనూ మందులలోనూ కల్తీని అరికట్టడానికి ఆ దేశంలో 1906లో చేసిన శుద్ధ ఆహార, ఔషధ చట్టానికి ప్రధాన కారకుడు. 1883 నుండి 1912 వరకు అమెరికా వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయనవేత్తగా పనిచేశాడు. ఆహారంలో కలిపే నిల్వ పదార్థాల ప్రభావాన్ని తెలుసుకోవడానికి యువకులైన స్వచ్ఛంద సేవకులపై ఈయన చేసిన ప్రయోగాలు పాయిజన్ స్క్వాడ్, అనగా విషదళం, అనే పేరుతో ప్రసిద్ధి పొందాయి. ఈయనను శుద్ధాహార చట్ట పితామహుడని పిలుస్తారు.

బాల్యము, విద్యాభ్యాసము

వైలీ ఇండియానా రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీలో, కెంట్ అనే గ్రామం సమీపంలో, దుంగలతో కట్టిన ఇంటిలో జన్మించాడు. తండ్రి ప్రెస్టన్ వైలీ రైతు, మత బోధకుడు, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. తల్లి లుసిండా. ఏడుగురు సంతానంలో హార్వే ఆరవవాడు. తినేది చాలావరకు తమ పొలంలోనే పండించుకునే కుటుంబంలో పెరగడం వలన ఆహారం కల్తీ లేకుండా ఉండాలనే పట్టుదల ఈయనకు చిన్ననాటి నుండే ఏర్పడిందని చెప్పవచ్చు.

1863లో హానోవర్ కళాశాలలో చేరాడు. అప్పుడు అంతర్యుద్ధం జరుగుతున్నది. 1864లో చదువు ఆపి ఉత్తర రాష్ట్రాల సైన్యంలో కొన్ని నెలలు పనిచేశాడు. తిరిగి వచ్చి 1867లో పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం ఇండియానాపోలిస్‌లో గ్రీకు, లాటిన్ భాషలు బోధిస్తూ, మరొకవైపు వైద్యం చదివి 1871లో ఇండియానా వైద్య కళాశాల నుండి ఎం.డి. పట్టా పొందాడు. కాని వైద్యవృత్తి చేపట్టలేదు. 1873లో హార్వర్డ్‌లో విజ్ఞానశాస్త్ర పట్టా పొంది, 1874లో కొత్తగా ప్రారంభమైన పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో మొదటి రసాయనశాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. రాష్ట్ర రసాయనవేత్త బాధ్యతలు కూడా ఈయనకే అప్పగించారు.

1878లో జర్మనీ వెళ్ళాడు. అక్కడ ప్రఖ్యాత రసాయనవేత్త హాఫ్‌మన్ ఉపన్యాసాలు విన్నాడు. బెర్లిన్‌లోని ప్రభుత్వ ఆహార పరిశోధనాలయంలో పొలారిస్కోప్ ఉపయోగించి చక్కెరలను పరీక్షించే విధానం నేర్చుకున్నాడు. ఈ పరికరంలోని నాళికలో చక్కెర ద్రావణం పోసి దాని గుండా ధ్రువిత కాంతిని పంపితే, చక్కెర రకాన్ని బట్టి, గాఢతను బట్టి కాంతి తలం కొంత కోణం తిరుగుతుంది. ఆ కోణాన్ని కొలిచి చెరకు పాకంలో గ్లూకోజు కలిపారో లేదో చెప్పవచ్చు. స్వదేశానికి వచ్చి ఇండియానాలో అమ్ముతున్న తేనెలు, పాకాలు పరీక్షించగా చాలావాటిలో మొక్కజొన్న పిండి నుండి తీసిన గ్లూకోజు కలిసి ఉన్నది. 1881లో ఈ విషయంపై నివేదిక ప్రచురించాడు. ఆహార కల్తీపై ఈయన చేసిన మొదటి రచన ఇదే.

పర్‌డ్యూలో ఉన్నప్పటి సంఘటన ఒకటి ప్రచారంలో ఉన్నది. వైలీ విద్యార్థులతో కలిసి బేస్‌బాల్ ఆడేవాడు. ముందు చక్రం ఎత్తుగా ఉండే సైకిలు కొనుక్కొని, పొట్టి లాగు తొడుక్కొని దానిపై కళాశాలకు వచ్చేవాడు. ఆచార్య పదవిలో ఉన్నవాడు ఇలా ప్రవర్తించడం తగదని పాలకమండలి సమావేశానికి పిలిపించి మందలించింది. ఆయన అక్కడికక్కడే రాజీనామా పత్రం వ్రాసి ఇచ్చాడు. మండలి దానిని ఆమోదించలేదు. తరువాతి కాలంలో మంత్రులతోనూ అధ్యక్షులతోనూ ఈయన వ్యవహరించిన తీరులోనూ ఇదే స్వభావం కనిపిస్తుంది.

వాషింగ్టన్‌లో

1883లో వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయనవేత్తగా నియమితుడయ్యాడు. మొదట అప్పగించిన పని జొన్నజాతి మొక్క నుండి చక్కెర తీయడం సాధ్యమా అని పరిశోధించడం. అందులో ఆశించిన లాభం కలగలేదు. 1884లో వ్యవసాయ రసాయనవేత్తల సంఘాన్ని స్థాపించినవారిలో ఈయన ఒకడు. ఒకే నమూనాను ఇద్దరు రసాయనవేత్తలు పరీక్షిస్తే రెండు రకాల ఫలితాలు రాకుండా, దేశమంతటా ఒకే పరీక్షా విధానం ఉండాలన్నది ఈ సంఘం ఉద్దేశం. పైకి చిన్నదిగా కనిపించే ఈ ఏర్పాటు లేకుండా ఆహార చట్టం ఏదీ న్యాయస్థానంలో నిలబడదు. 1893, 1894 సంవత్సరాలలో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు.

1887 నుండి 1902 వరకు ఈయన పర్యవేక్షణలో ఆహార పదార్థాలు, వాటి కల్తీలు అనే విషయంపై 10 భాగాల నివేదిక వెలువడింది. పాలు, వెన్న, మసాలా దినుసులు, మద్యం, పందికొవ్వు, రొట్టెల పొడి, తేనె, కాఫీ, తేయాకు, డబ్బాలలో నిల్వచేసిన కూరగాయలు అన్నింటినీ పరీక్షించారు. మిరియాల పొడిలో గింజల పెంకుల పొడి, కాఫీలో పిండిని అచ్చుపోసి చేసిన కృత్రిమ గింజలు, డబ్బా బఠాణీలలో పచ్చదనం కోసం రాగి లవణాలు బయటపడ్డాయి. నివేదికలను చదివినవారు కొద్దిమందే. వర్తకులు మాత్రం చదివారు. కాంగ్రెసులో ఆహార బిల్లులు ఒకదాని తరువాత ఒకటి వచ్చి వీగిపోయాయి.

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో సైనికులకు పంపిన మాంసం చెడిపోయినదనీ, రసాయనాలు కలిపినదనీ పెద్ద వివాదం చెలరేగింది. 1899లో సెనేటు సంఘం ఆహార కల్తీపై విచారణ జరిపినప్పుడు వైలీ దానికి శాస్త్ర సలహాదారుగా ఉన్నాడు.

విషదళం

అప్పటికి మంచుపెట్టెలు తప్ప శీతలీకరణ సౌకర్యాలు సామాన్యులకు అందుబాటులో లేవు. పట్టణాలు పెరిగి, ఆహారం వందల మైళ్ళ దూరం నుండి రావలసి వచ్చేది. పాలు విరగకుండా ఫార్మాల్డిహైడ్, మాంసానికీ వెన్నకూ బోరాక్స్, ఎండు పండ్లకు గంధకపు పొగ, టమాటా కెచప్‌కు బెంజోయేట్ వాడేవారు. బోరాక్స్ అంటే మన కంసాలులు బంగారం అతకడానికి వాడే వెలిగారమే. బెంజోయిక్ ఆమ్లాన్ని మొదట సాంబ్రాణి నుండి తీశారు. ఫార్మాల్డిహైడ్ నీటి ద్రావణమైన ఫార్మలిన్ శవాలు కుళ్ళకుండా ఉంచేది. ఇవన్నీ ఎంత మోతాదులో తింటే ఏమి జరుగుతుందో ఎవరికీ తెలియదు. హాని లేదని వర్తకులు అనేవారు. హాని ఉన్నదని చెప్పడానికి వైలీ దగ్గర కూడా ఆధారం లేదు.

ఆ ఆధారం కోసం 1902లో కాంగ్రెసు నుండి 5,000 డాలర్లు మంజూరు చేయించుకున్నాడు. రసాయన విభాగపు భవనం నేలమాళిగలో వంటగది, భోజనశాల ఏర్పాటు చేశాడు. 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎంపిక చేశాడు. వారిలో ఎక్కువమంది ఆ శాఖలోనే పనిచేసే చిరుద్యోగులు. మూడు పూటలా ఉచిత భోజనమే వారికి దక్కిన ప్రతిఫలం. బయట ఏమీ తినకూడదు. తాగే మంచినీరు కూడా కొలిచి తాగాలి. ప్రతిదినం బరువు, శరీర ఉష్ణోగ్రత, నాడి చూసేవారు. మలమూత్రాలను సేకరించి పరీక్షించేవారు. ఏదైనా హాని జరిగితే ప్రభుత్వంపై దావా వేయబోమని వారంతా ముందుగానే వ్రాసి ఇచ్చారు.

1902 డిసెంబరులో బోరాక్స్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. మొదట దానిని వెన్నలో కలిపారు. కొద్ది రోజులకే యువకులు వెన్న తినడం తగ్గించారు. పాలలో కలిపితే పాలు మానేశారు. ఎందులో కలిపినది చెప్పకపోయినా నాలుక పసిగట్టేది. చివరకు గుళికలలో పెట్టి భోజనం మధ్యలో మింగమన్నారు. బోరాక్స్ మోతాదు పెరిగిన కొలదీ తలనొప్పి, కడుపులో బాధ, ఆకలి మందగించడం కనిపించాయి. తరువాత సాలిసిలిక్ ఆమ్లం, గంధక సంబంధ లవణాలు, బెంజోయిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ మొదలైనవి ఒకటొకటిగా పరీక్షించారు. ఫార్మాల్డిహైడ్ ఇచ్చినప్పుడు యువకులు తీవ్రంగా జబ్బుపడడంతో ఆ ప్రయోగాన్ని ముందుగానే ఆపివేయవలసి వచ్చింది. ఈ కార్యక్రమం సుమారు 5 సంవత్సరాలు సాగింది.

వైలీ దీనిని పథ్య ప్రయోగమని మాత్రమే పిలిచేవాడు. విషదళం అన్న పేరు పత్రికలవారు పెట్టినది. వాషింగ్టన్ పోస్టు విలేఖరి జార్జి రోత్‌వెల్ బ్రౌన్ వంటవానిని మాటలలో పెట్టి వార్తలు సంపాదించేవాడు. వార్తలు దొరకనప్పుడు కల్పించేవాడు కూడా. మొదట వైలీకి కోపం వచ్చినా, 15 సంవత్సరాలుగా నివేదికలు చేయలేని పని ఈ ప్రచారం చేస్తున్నదని తరువాత గ్రహించాడు. నాటకశాలలలో విషదళంపై హాస్యగీతాలు కూడా పాడారు.

నేటి శాస్త్ర ప్రమాణాలతో చూస్తే ఈ ప్రయోగాలలో లోపాలున్నాయి. అదే కాలంలో అదే భోజనాన్ని రసాయనం లేకుండా తినే మరొక బృందాన్ని పోలికకు ఉంచలేదు. మనుషుల సంఖ్య చాలా తక్కువ. విషం తింటున్నామని తెలిసినవానికి సగం జబ్బు మనసులోనే పుడుతుంది. ఇటువంటి ప్రయోగానికి ఇప్పుడు ఏ నీతి సంఘమూ అనుమతి ఇవ్వదు. అయితే ఆహారంలో వాడే పదార్థం నిరపాయమైనదని రుజువు చేయవలసిన భారం దానిని అమ్మేవానిదే అన్న వాదాన్ని ప్రజల మధ్యకు తెచ్చినది ఈ ప్రయోగాలే.

1906 చట్టం

స్త్రీల సంఘాలు వైలీకి గొప్ప అండగా నిలిచాయి. న్యూజెర్సీకి చెందిన అలిస్ లేకీ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి, కల్తీ పదార్థాల ప్రదర్శనలు నిర్వహించింది. ఓటు హక్కు లేని స్త్రీలు ఉత్తరాలతో కాంగ్రెసు సభ్యులను ఉక్కిరిబిక్కిరి చేశారు. ఆహార వర్తకులందరూ చట్టానికి వ్యతిరేకులు కారు. నిల్వ రసాయనాలు లేకుండా కెచప్ తయారుచేయడం నేర్చిన హెన్రీ హైంజ్ చట్టాన్ని బలపరచాడు. ఇందులో ప్రజాహితంతో పాటు వ్యాపార దృష్టి కూడా ఉండి ఉండవచ్చు.

1905 డిసెంబరులో అధ్యక్షుడు థియొడార్ రూజ్వెల్ట్ కాంగ్రెసుకు పంపిన సందేశంలో ఇటువంటి చట్టం కావాలని కోరాడు. 1906 ఫిబ్రవరిలో బిల్లు సెనేటులో నెగ్గింది. అదే నెలలో అప్టన్ సింక్లెయిర్ నవల ది జంగిల్ పుస్తకంగా వెలువడింది. షికాగో మాంసపు కర్మాగారాలలోని కార్మికుల దుర్భర జీవితాన్ని చూపించాలని ఆయన వ్రాస్తే, పాఠకులు మాత్రం తాము తింటున్న మాంసాన్ని చూసి హడలిపోయారు. 1906 జూన్ 30న రూజ్వెల్ట్ శుద్ధ ఆహార, ఔషధ చట్టంపైనా, మాంస తనిఖీ చట్టంపైనా ఒకే రోజున సంతకం చేశాడు. మొదటిది 1907 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

తనిఖీ అధికారులు

చట్టం అమలు బాధ్యత వైలీ అధిపతిగా ఉన్న రసాయన విభాగానికి వచ్చింది. 1907లో ఆహార, ఔషధ ఇన్‌స్పెక్టర్లను మొదటిసారిగా నియమించారు. కెంటకీ రాష్ట్రానికి చెందిన వాల్టర్ క్యాంప్‌బెల్ అనే యువ న్యాయవాది వారికి ముఖ్య ఇన్‌స్పెక్టరు అయ్యాడు. ఇన్‌స్పెక్టరు దుకాణాలకూ రైల్వే గిడ్డంగులకూ వెళ్ళి నమూనా కొని, దానికి సీలు వేసి, ఎక్కడ ఎప్పుడు కొన్నదీ వ్రాసి ప్రయోగశాలకు పంపేవాడు. రసాయనవేత్త పరీక్షలో తప్పు తేలితే వర్తకునికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి, తరువాత కేసు న్యాయస్థానానికి పంపేవారు. సీలు సరిగా లేకపోయినా, తేదీ తప్పిపోయినా కేసు కొట్టివేయబడేది.

చట్టంలో పెద్ద లొసుగులు ఉండేవి. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్ళే సరుకుకే అది వర్తించేది. కర్మాగారంలోకి ప్రవేశించి తనిఖీ చేసే హక్కును ఇన్‌స్పెక్టరుకు స్పష్టంగా ఇవ్వలేదు. యజమాని లోపలికి రానిస్తేనే చూడవచ్చు. అన్నింటికంటే ముఖ్యమైనది, ఏ పదార్థంలో ఏది ఎంత ఉండాలి అన్న ప్రమాణాలను నిర్ణయించే అధికారం బిల్లు చివరి దశలో తొలగించబడింది. ప్రమాణం లేకుండా కల్తీ అని నిరూపించడం ఎంత కష్టమో వైలీకి మొదటి సంవత్సరంలోనే అనుభవానికి వచ్చింది. జామ్‌లో పండు ఎంత ఉంటే అది జామ్ అవుతుందో చట్టం చెప్పదు. ఈ లోపాలు 1938లో కొత్త చట్టం వచ్చేవరకు తీరలేదు. ఆ 1938 చట్టం వచ్చేనాటికి సంస్థ అధిపతి మొదటి ముఖ్య ఇన్‌స్పెక్టరు అయిన క్యాంప్‌బెల్ కావడం విశేషం.

వివాదాలు

1908 జనవరిలో అధ్యక్షుని వద్ద కెచప్ తయారీదారులతో సమావేశం జరిగింది. బెంజోయేట్ విషయంలో రూజ్వెల్ట్ వైలీ మాటను నమ్మి వర్తకులను గట్టిగా హెచ్చరించాడు. అంతటితో ఊరుకొని ఉంటే బాగుండేది. అక్కడే ఉన్న కాంగ్రెసు సభ్యుడు జేమ్స్ షెర్మన్ తన సంస్థ డబ్బా మొక్కజొన్నలో చక్కెరకు బదులు సాకరిన్ వాడుతున్నదని, దానివల్ల వేల డాలర్లు ఆదా అవుతున్నవని చెప్పాడు. అధ్యక్షుడు అడగకుండానే వైలీ కల్పించుకొని, తినేవారు అది చక్కెర అనుకొని మోసపోతున్నారని, వారు తింటున్నది తారు నుండి తీసిన హానికర పదార్థమని అన్నాడు. రూజ్వెల్ట్‌కు వైద్యుడు ప్రతిరోజూ సాకరిన్ ఇస్తున్న సంగతి ఆయనకు తెలియదు. అధ్యక్షుడు మండిపడ్డాడు. ఆ తరువాత వైలీ నిర్ణయాలను సమీక్షించడానికి సలహా నిపుణుల సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు సాకరిన్ కనుగొన్న ప్రయోగశాల అధిపతి ఐరా రెమ్‌సెన్! 1909లో ఆ సంఘం బెంజోయేట్ కొద్ది మోతాదులో నిరపాయకరమని తేల్చింది. అప్పటికే వ్యవసాయ కార్యదర్శి జేమ్స్ విల్సన్ కూడా వైలీకి దూరమయ్యాడు.

కోకా-కోలా కేసు మరొకటి. 1909లో టెన్నెస్సీ రాష్ట్రంలోని చట్టనూగాకు వెళుతున్న 40 పీపాల, 20 కెగ్గుల కోకా-కోలా పాకాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. పిల్లలు కూడా తాగే పానీయంలో కెఫీన్ చేర్చడం హానికరమని వైలీ వాదన. 1911లో విచారణ జరిగినప్పుడు కంపెనీ తరఫున హారీ హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కెఫీన్‌పై తాను చేసిన ప్రయోగాలను సమర్పించాడు. అవి వైలీ ప్రయోగాలకంటే మెరుగైన పద్ధతిలో జరిగినవని ఒప్పుకోవాలి. కేసు కంపెనీకి అనుకూలంగా ముగిసింది. 1916లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చగా, తరువాత కంపెనీ కెఫీన్ పరిమాణం తగ్గించి రాజీపడింది.

1911లో హెన్రీ రస్బీ అనే ఔషధ వృక్షశాస్త్ర నిపుణునికి నిబంధనల కంటే ఎక్కువ దినభత్యం ముట్టే విధంగా నియామకం చేశారన్న ఆరోపణపై వైలీని రాజీనామా చేయించాలని అటార్నీ జనరల్ సిఫారసు చేశాడు. దేశమంతటా పత్రికలు, ప్రజలు ఆగ్రహం వ్యక్తం చేశారు. కాంగ్రెసు సంఘం విచారణ జరిపింది. అధ్యక్షుడు టాఫ్ట్ ఆయనను నిర్దోషిగా ప్రకటించాడు. అయినను పైవారి సహకారం లేకుండా పనిచేయలేక 1912 మార్చి 15న వైలీ పదవికి రాజీనామా చేశాడు.

గుడ్ హౌస్‌కీపింగ్ పత్రిక

రాజీనామా చేసిన తరువాత గుడ్ హౌస్‌కీపింగ్ అనే స్త్రీల మాసపత్రికలో ఆహార, ఆరోగ్య విభాగానికి అధిపతిగా చేరి 1930 వరకు పనిచేశాడు. పత్రికలో ప్రకటన ఇవ్వదలచిన ఆహార పదార్థాలను అక్కడి ప్రయోగశాలలో పరీక్షించేవారు. పాఠకుల ప్రశ్నలకు జవాబులు వ్రాసేవాడు. పొగాకు వలన కలిగే హానిని గురించి కూడా హెచ్చరించాడు. 1929లో ఆహార చట్టాన్ని అధికారులే ఎలా నీరుగార్చారో వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ గ్రంథంలో కోపం పాలు ఎక్కువే. ఆత్మకథ 1930లో వెలువడింది.

వ్యక్తిగత జీవితం

వైలీ చాలాకాలం బ్రహ్మచారిగానే ఉన్నాడు. గ్రంథాలయ ఉద్యోగిని అయిన అన్నా కెల్టన్‌ను చూసి వివాహమాడగోరగా ఆమె మొదట అంగీకరించలేదు. సుమారు 10 సంవత్సరాల తరువాత, 1911 ఫిబ్రవరి 27న వారి వివాహం జరిగింది. అప్పటికి ఆయన వయస్సు 66, ఆమె వయస్సు 33. వారికి ఇద్దరు కుమారులు. అన్నా వైలీ స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో పాల్గొని 1917లో అరెస్టు అయింది.

1930 జూన్ 30న వాషింగ్టన్‌లోని స్వగృహంలో వైలీ మరణించాడు. ఆహార చట్టంపై సంతకం జరిగి ఆ రోజుకు సరిగ్గా 24 సంవత్సరాలు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సమాధి చేశారు.

భారతదేశంలో

వైలీకి భారతదేశంతో నేరుగా సంబంధం లేదు. అయితే అదే కాలంలో ఇక్కడ కూడా ఇటువంటి చట్టాలు వచ్చాయి. ఆంధ్ర ప్రాంతం భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1918లో కల్తీ నివారణ చట్టం చేశారు. స్వాతంత్ర్యం తరువాత దేశమంతటికీ కలిపి 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. ఫుడ్ ఇన్‌స్పెక్టరు నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేసి, ఒకటి పబ్లిక్ ఎనలిస్టుకు పంపి, మిగిలిన రెండూ స్థానిక ఆరోగ్యాధికారి వద్ద ఉంచే పద్ధతి ఆ చట్టం క్రింద ఏర్పడింది. 2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 నుండి దాని స్థానాన్ని ఆక్రమించింది. వైలీ ప్రయోగించిన బెంజోయేట్‌ను నేడు పరిమితికి లోబడి వాడుకోనిస్తున్నారు. ఫార్మలిన్ మాత్రం నిషిద్ధమే. 2018 జూలైలో ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన చేపలలో ఫార్మలిన్ కనిపించిందంటూ అస్సాం ప్రభుత్వం కొద్ది రోజులు వాటి దిగుమతిని నిలిపివేసింది.

గుర్తింపు

వైలీ నడిపిన రసాయన విభాగం నుండి 1927లో నియంత్రణ విధులను వేరుచేశారు. ఆ కొత్త సంస్థకు 1930లో, అనగా వైలీ మరణించిన సంవత్సరంలోనే, ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్ అన్న పేరు స్థిరపడింది. 1956లో చట్టానికి 50 సంవత్సరాలు నిండిన సందర్భంగా అమెరికా తపాలా శాఖ ఈయన చిత్రంతో 3 సెంట్ల తపాలా బిళ్ళ విడుదల చేసింది. మేరీలాండ్ రాష్ట్రంలోని కాలేజ్ పార్క్‌లో ఆ సంస్థకు చెందిన భవనానికి ఈయన పేరు పెట్టారు. విశ్లేషణ విధానాలలో కృషి చేసినవారికి, ఈయన స్థాపకులలో ఒకడైన రసాయనవేత్తల సంఘం ఈయన పేరుతో బహుమతి ఇస్తున్నది. అమెరికా రచయిత్రి డెబొరా బ్లమ్ విషదళంపై వ్రాసిన గ్రంథం 2018లో వెలువడగా, దాని ఆధారంగా 2020లో డాక్యుమెంటరీ చిత్రం టెలివిజన్‌లో ప్రసారమైంది.